గస్తీ బండి మీద 360 కెమెరా: చుట్టూ కనపడాలా, ముఖం పట్టాలా ముందు తేల్చుకోండి

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి గస్తీ తిప్పేవాళ్లు, ఏటీఎంలకు డబ్బు మోసే వ్యాన్లవాళ్లు, తీర్థాలకీ రథోత్సవాలకీ బందోబస్తు బండ్లు పంపే సెక్యూరిటీ ఏజెన్సీలు, అందరూ ఈ మధ్య అడిగేది ఒకటే: "బండి చుట్టూ మొత్తం కనపడాలండి, 360 కెమెరా పెట్టించాలి, ఏది కొనమంటారు?" ఏది కొనాలన్నది తర్వాత చూద్దాం. ఆ పేరుతో షాపుల్లో రెండు వేరువేరు సరుకులు అమ్ముతున్నారు, ముందు ఆ తేడా తెలియాలి.

ఒకటి పార్కింగ్ కోసం చేసింది. ముందు బంపరు, వెనక డోరు, రెండు సైడు అద్దాల కింద కలిపి నాలుగు ఫిష్‌ఐ కెమెరాలు, వాటి బొమ్మలు కలిపి బండిని పైనుంచి చూస్తున్నట్టు స్క్రీన్ మీద చూపిస్తుంది. డ్రైవరుకి బాగా పనికొస్తుంది, ఇరుకు చెరువు గట్టు మీద బండి తిప్పుకునేటప్పుడు చక్రం అంచుకి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. కానీ అది చూసేది బండి పక్కన రెండు మూడు మీటర్ల నేలని, అంతే. రెండోది నిఘా కోసం చేసిన పనోరమిక్ సిస్టమ్, బండి టాప్ మీద ఉంటుంది, దూరాన్ని చూస్తుంది, ప్రతి కెమెరానీ విడిగా రికార్డు చేస్తుంది. గస్తీకి కావలసింది ఇదే. మొదటి రకం తక్కువలో వస్తుందని అదే బిగించి "360 వేశాం" అనుకుంటే, గట్టు అవతల కొబ్బరి చెట్ల కింద ఆగిన ఆటో ఎప్పటికీ రికార్డులో ఉండదు.

ఇక అసలు విషయం. చుట్టూ చూడటం వేరు, మనిషిని గుర్తుపట్టడం వేరు. ఒకే కెమెరా రెండూ చేస్తుందని ఎవరైనా చెబితే కాగితం, పెన్ను తీసి ఈ లెక్క వేయించండి.

నిఘా వీడియోకి అంతర్జాతీయంగా వాడే కొలత ఒకటుంది, మీటరు వెడల్పుకి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయని. అక్కడ ఎవరో ఉన్నారని తెలియడానికి 25 పిక్సెళ్లు చాలు. తెలిసిన మనిషైతే వీడే అని పోల్చుకోవడానికి 125 కావాలి. ముక్కూ మొహం తెలియని వాడిని ముఖం చూసి గట్టిగా చెప్పడానికి 250. ఇప్పుడు మామూలుగా దొరికే 2 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగు తీసుకోండి, ఒక్కోటి 1920 పిక్సెళ్ల వెడల్పు, ఒక్కోటి 90 డిగ్రీలు చూస్తుంది, అంటే చుట్టూ కలిపి 7680 పిక్సెళ్లు. బండికి 5 మీటర్ల దూరంలో గీసిన వలయం చుట్టుకొలత 31.4 మీటర్లు, కాబట్టి మీటరుకి 244 వస్తాయి. 10 మీటర్లకి వెళ్తే 122. 20 మీటర్లకి 61. 50 మీటర్ల దగ్గర 24 మాత్రమే. ఇది కూడా పగటి లెక్క, లెన్సు శుభ్రంగా ఉన్నప్పటి లెక్క, పైగా పక్క కెమెరాతో అతుకు కోసం కొంత భాగం ఒకదాని మీద ఒకటి పడుతుంది కాబట్టి అసలు సంఖ్య ఇంకా తగ్గుతుంది.

దీన్నిబట్టి ఏం తేలింది? ముఖం కావాలంటే దొంగ మీ బండికి ఐదు మీటర్లలోకి రావాలి. రాడు కదా. సరే 8 మెగాపిక్సెల్ కెమెరాలు వేద్దామంటే ఆ దూరాలన్నీ పగలు రెట్టింపవుతాయి, కానీ అదే సైజు సెన్సరు మీద పిక్సెళ్లు చిన్నవై రాత్రి బొమ్మలో గింజల్లాంటి చుక్కలు ఎక్కువ కనపడతాయి, మన గస్తీ అంతా రాత్రే. అందుకని నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే: చుట్టూ చూడటానికి నాలుగు కెమెరాలు, ముఖానికీ నంబరు ప్లేటుకీ దూరం లెన్సు ఉన్నవి ముందొకటి, వెనకొకటి విడిగా. ఎక్కడ ఏం కదిలిందో చుట్టూ చూసేవి చెప్తాయి, డ్రైవరు బండిని అటు తిప్పుతాడు, ముందు కెమెరా పట్టుకుంటుంది. డబ్బు ఎక్కువుంటే తిరిగే జూమ్ కెమెరా వేసుకోవచ్చు, మంచిదే, కానీ అది ఒకవైపు చూస్తున్నప్పుడు మిగతా మూడు వైపులా గుడ్డిది, కాబట్టి నాలుగింటినీ తీసేసి దాన్నొక్కదాన్నే పెట్టడం కుదరదు.

నంబరు ప్లేటు కెమెరాకి షట్టరు స్పీడు చేత్తో సెట్ చేయించండి, ఆటోమేటిక్‌లో వదలొద్దు. గంటకి 40 కిలోమీటర్లతో పోయే మోటార్‌సైకిల్ సెకనుకి 11 మీటర్లు కదులుతుంది. షట్టరు సెకనులో 25వ వంతు తెరిచి ఉంటే ఆ కాసేపట్లోనే బండి 44 సెంటీమీటర్లు జరిగిపోతుంది, వెనక ప్లేటు వెడల్పే 20 సెంటీమీటర్లు, ఇంక అక్షరాలేం కనపడతాయి! 500వ వంతు పెడితే జరిగేది రెండు సెంటీమీటర్ల చిల్లర. ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేట్లు వెలుగుని వెనక్కి కొడతాయి కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ (రాత్రి చూపు కోసం కెమెరా వేసే, కంటికి దాదాపు కనపడని లైటు) మరీ ఎక్కువైతే ప్లేటు మొత్తం తెల్లగా మండిపోతుంది, అదీ తగ్గించి చూసుకోవాలి.

టాప్ మీద ఎక్కడ పెట్టాలి

చాలామంది టాప్ మధ్యలో ఒక గుండ్రటి డోమ్ పెట్టి అయిపోయిందంటారు. చూడటానికి బాగుంటుంది, బిగించేవాడికి తేలిక, ఒకటే వైరు. కానీ బండి టాపే దానికి అడ్డం. 1.85 మీటర్ల ఎత్తు, 1.8 మీటర్ల వెడల్పు ఉన్న జీపు అనుకోండి, టాప్ మధ్యలో 30 సెంటీమీటర్ల ఎత్తున కెమెరా. టాప్ అంచు దాటి చూపు నేలని తాకేది డోరుకి ఐదున్నర మీటర్ల అవతల. ఆ లోపల నిలబడ్డ మనిషి తల కనపడుతుంది, నడుం వంచి చక్రం పక్కన కూర్చుంటే ఏమీ కనపడదు. డీజిల్ తీసేవాడు, టైరు కోసేవాడు, డబ్బు వ్యాను డోరు దగ్గర నక్కేవాడు అందరూ ఆ ఐదున్నర మీటర్లలోనే ఉంటారు. అదే కెమెరాని టాప్ మీద 60 సెంటీమీటర్ల ఎత్తుకి లేపితే ఆ గుడ్డి జాగా 2.8 మీటర్లకి తగ్గుతుంది, కానీ లంక ఊళ్ల సందుల్లో వేలాడే కేబుల్ టీవీ వైర్లూ, కాలవ గట్ల మీద వంగిన కొమ్మలూ దాన్ని బతకనివ్వవు.

అందుకే నాలుగు విడి కెమెరాలు టాప్ నాలుగు అంచుల మీద, లెన్సు అంచుకంటే కాస్త బయటికి ఉండేలా, కొద్దిగా కిందికి వంచి పెట్టించండి. వైరింగ్ ఎక్కువవుతుంది, అవనీయండి. టాప్‌కి కన్నాలు కొట్టొద్దు, క్యారియర్ రైలు బిగించి దానికి బ్రాకెట్లు వేయించండి, మన వానకి కన్నం దగ్గర సిలికాన్ ఎంత పూసినా రెండో వర్షాకాలానికి తుప్పు మొదలవుతుంది. బండి ఎత్తు, ఆకారం శాశ్వతంగా మార్చే పనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందు రవాణా శాఖ అనుమతి కావాలి, ఆ సంగతి బాడీ కట్టేవాడు మీకు చెప్పడు.

అతుకుల గురించి ఒక మాట. నాలుగు బొమ్మలు కలిపి ఒకటే పొడుగు బొమ్మ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక దూరాన్ని లెక్కలోకి తీసుకుని కుడుతుంది, ఉదాహరణకి 10 మీటర్లు. ఆ దూరంలో అంతా అతుకు తెలియకుండా ఉంటుంది. అదే అతుకు దగ్గరికి మనిషి మీటరు దూరంలోకి వస్తే సగం మాయమవుతాడు, లేదా రెండుగా కనపడతాడు. రెండు కెమెరాల మధ్య ఎడం ఉన్నంత కాలం ఇది పూర్తిగా పోయేది కాదు, ఎంత ఖరీదైన సిస్టమ్ అయినా తగ్గుతుంది తప్ప పోదు. కాబట్టి అతుకులు డోర్ల ఎదురుగా, డబ్బు పెట్టె ఎదురుగా పడకుండా బండి మూలలకి వచ్చేలా చూసుకోండి. ఇంకా ముఖ్యమైనది, కుట్టిన బొమ్మతో పాటు కుట్టని నాలుగు అసలు వీడియోలూ రికార్డు కావాలి. కుట్టినది చూసుకోవడానికి, అసలుది సాక్ష్యానికి. కొన్ని రికార్డర్లలో కుట్టినదొక్కటే దాచే సెట్టింగు ముందే పెట్టి ఉంటుంది, మొదటి రోజే మార్పించండి.

మన ఉప్పుగాలి, మన మంచు

ఇక్కడ నాకు చాలా పట్టింపు ఉంది, ఎందుకంటే బయట రాష్ట్రాల నుంచి వచ్చే కొటేషన్లలో ఈ విషయాలకి ఒక్క లైను కూడా ఉండదు. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండి, నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) మీద దాటే బండి, దాని మీద పడే తడిలో ఉప్పు ఉంటుంది. అల్యూమినియం బ్రాకెట్‌కి మామూలు ఇనప బోల్టు వేస్తే ఆ ఉప్పు తడికి రెండు లోహాల మధ్య తినడం మొదలై తెల్లపొడి రాలుతుంది, కొన్ని నెలలకి బోల్టు తిరగదు. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ బోల్టులు, మధ్యలో నైలాన్ వాషర్లు, మరకి గ్రీజు. కెమెరాకి ఐపీ67 (దుమ్ము, నీరు లోపలికి పోకుండా తట్టుకునే రేటింగు) ఉందంటే సరిపోదు, వాటర్ సర్వీసింగ్‌లో గట్టి ప్రెషర్‌తో కొడతారు కాబట్టి ఐపీ69కే కూడా ఉన్నది చూడండి. కనెక్టర్లు మర బిగించే ఎం12 రకం కావాలి, ఇంట్లో వాడే నెట్‌వర్క్ పిన్ను గట్టు రోడ్డు కుదుపుకి ఊడుతుంది. వైరు లోపలికి వెళ్లే చోట కిందికి ఒక వంపు వదిలి తర్వాత పైకి తీసుకెళ్లాలి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

వారానికోసారి మంచినీళ్లతో కడగండి. డోమ్ మీద పొడి గుడ్డ పెట్టి తుడవొద్దు, ముందు నీళ్లు పోసి మట్టి జారాక మెత్తటి గుడ్డ. గీతలు పడ్డ డోమ్ పగలు బాగానే కనపడుతుంది, రాత్రి ఎదురుగా లారీ లైటు పడగానే బొమ్మంతా తెల్లటి చుక్కలవుతుంది.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు కెమెరాలోనే ఉన్న ఇన్‌ఫ్రారెడ్ మీకు శత్రువు. వెలుగు మంచు బొట్లకి తగిలి నేరుగా లెన్సులోకే వెనక్కి వస్తుంది, ఎదురుగా తెల్ల తెర. పైగా చెరువుల దగ్గర పురుగులు, సాలీళ్లు ఆ వెచ్చదనానికి వచ్చి లెన్సు మీదే కాపురం పెడతాయి. లైటుని కెమెరాకి దూరంగా, కనీసం ఒక అడుగు ఎడంగా పెట్టిస్తే రెండు బాధలూ చాలా తగ్గుతాయి. 850 నానోమీటర్ల లైటు దూరం పోతుంది, కానీ చీకట్లో సన్నటి ఎర్ర చుక్క కనపడుతుంది. 940 కనపడదు, దూరం తక్కువ. బండి ఉందని తెలిస్తేనే దొంగ రాడనుకుంటే మొదటిది, పొంచి పట్టాలంటే రెండోది. చెరువుల గస్తీకైతే మొదటిదే మేలు, మేత బస్తాలు, మోటార్లు పోకుండా ఉండటం కావాలి గానీ పోయాక వీడియో చూసుకుని ఏం చేస్తాం.

బ్యాటరీ సంగతి

ఆరు కెమెరాలు, రికార్డరు, 4జీ రౌటరు, లైట్లు కలిపి 40 వాట్లు లాగుతున్నాయనుకుందాం. 12 వోల్టుల దగ్గర అది 3.3 ఆంపియర్లు, ఇంజన్ ఆపి పదిగంటలు గట్టు మీద నిలబెడితే 33 ఆంపియర్ అవర్లు పోయినట్టే. స్టార్టింగ్ బ్యాటరీ అలా రోజూ సగం ఖాళీ చేస్తే తొందరగా చచ్చిపోతుంది, తెల్లారి బండి నెట్టుకోవాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ విడిగా, దానికి డీసీ టు డీసీ ఛార్జరు పెట్టిస్తే అదే లోడుకి ఒక రోజంతా వస్తుంది. అంత ఖర్చు వద్దంటే కనీసం 12.2 వోల్టులకి పడగానే కెమెరాలు ఆపేసే కటాఫ్ పెట్టించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ ఒక్కసారి బాగా కిందికి దిగుతుంది, మామూలు రికార్డరు అప్పుడు రీస్టార్ట్ అయి సరిగ్గా బండి కదిలిన మొదటి నిమిషమే రికార్డు పోగొడుతుంది, అందుకే వాహనాల కోసం చేసిన రికార్డరే కావాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, రికార్డరు దగ్గర కాదు. కొత్త బండ్లలో ముందు పిల్లరులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, వైరు అటు తీసుకెళ్లనివ్వొద్దు.

స్టోరేజీ లెక్క తేలిక. కెమెరాకి సెకనుకి 4 మెగాబిట్లు అనుకుంటే ఆరింటికి గంటకి 10.8 జీబీ, 12 గంటల రాత్రికి 130 జీబీ. 2 టీబీ ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్కు) పెడితే రెండు వారాలు నిలుస్తుంది. తిరిగే హార్డ్‌డిస్కు గట్టు రోడ్ల మీద నిలవదు, దాని జోలికి పోవద్దు. లైవ్ చూడటానికి మొత్తం వీడియో పంపాలనుకోకండి, 512 కిలోబిట్ల సబ్‌స్ట్రీమ్ (అదే వీడియోకి నాణ్యత తగ్గించిన చిన్న రూపం) ఒక్కటి రోజంతా పంపినా 5.5 జీబీ అవుతుంది, లంకల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. రికార్డు బండిలోనే ఉండాలి, ఆఫీసుకి వెళ్లేది చిన్న బొమ్మ. డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి. కెమెరాల సైబర్ భద్రత పరీక్షలు తప్పనిసరి చేసిన కేంద్ర నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి.

జనం ఉన్నచోట

2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాట మన గోదావరి జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేరు. మళ్లీ 2027లో పుష్కరాలు. ఆ లోపల కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది తీర్థం ఏటా ఉన్నవే. గుంపులో రెండు మీటర్ల ఎత్తు కెమెరా చూసేది దగ్గరి నాలుగు వరసల తలలు మాత్రమే, వెనక ఎంత ఒత్తిడి ఉందో తెలియదు. అలాంటి చోట బండికి ఐదారు మీటర్లు లేచే మాస్ట్ (కెమెరాని పైకి లేపే స్తంభం) కావాలి, బండి ముందే వచ్చి ఒకచోట నిలబడాలి. మాస్ట్ లేచి ఉండగా ఇంజన్ స్టార్ట్ కాకుండా ఇంటర్‌లాక్ తప్పనిసరిగా ఉండాలి, పైన కరెంటు తీగలు లేని జాగా పగలే చూసుకోవాలి.

రేవుల దగ్గర ఇంకో బాధ్యత ఉంది. ఆడవాళ్లు స్నానాలు చేసే, బట్టలు మార్చుకునే చోట చుట్టూ చూసే కెమెరా ఉన్న బండి నిలబెడితే అది కాపలా కాదు. సాఫ్ట్‌వేర్‌లో ప్రైవసీ మాస్క్ వేశామంటారు, కానీ ఆ నల్ల పట్టీ బొమ్మలో ఒకచోట గీసింది, బండి తిరిగితే పట్టీ కూడా దానితోనే తిరుగుతుంది, కప్పాల్సింది బయటపడుతుంది. బండిని గట్టు పైన, జనం వచ్చే దారి చూసేలా పెట్టండి, మెట్ల వైపు కెమెరాకి తొడుగు వేసేయండి. ఈ ఒక్క విషయంలో ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోవద్దు.

డబ్బు మొత్తం ఇచ్చేముందు

బిగించినవాడు పగలు ఫోన్లో చూపించి వెళ్లిపోతానంటాడు. చీకటి పడేదాకా ఆపండి. ఖాళీ స్థలంలో బండి పెట్టి, చుట్టూ 2, 5, 10, 20 మీటర్ల దగ్గర ముగ్గుతో వలయాలు గీయండి. ఒక మనిషిని ముదురు రంగు చొక్కా వేయించి, నెత్తిన మేత బస్తాతో ఒక్కో వలయం మీద నెమ్మదిగా చుట్టూ నడవమనండి. ఒకసారి నిలబడి, ఒకసారి నడుం వంచి. లైవ్ చూడొద్దు, తర్వాత రికార్డు తీసి పెద్ద స్క్రీన్ మీద చూడండి, లైవ్ బాగుండి రికార్డు చెడ్డగా ఉండటం మామూలే. మనిషి ఎక్కడ మాయమయ్యాడో అక్కడ బండి డోరు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి, ఆ వైపు కెమెరా వంపు మార్పించి మళ్లీ నడిపించండి. ఐదు మీటర్ల వలయం మీద ఆ మనిషి ముఖం, అతన్ని ఎప్పుడూ చూడని మీ ఆఫీసు వాళ్లెవరికైనా చూపించి, నలుగురు మనుషుల్లో ఎవరో చెప్పమనండి. ఐదు మీటర్లకి ముఖం తెలియాలని కొటేషన్లో ముందే రాయించుకుని ఉంటే, చెప్పలేకపోతే రాసింది మీకు అందనట్టే, సరిచేసేదాకా మిగతా డబ్బు ఆపమని అడగండి.

గడియారం చూడటం మరిచిపోవద్దు. జీపీఎస్ ఇచ్చేది ప్రపంచ సమయం, మనది దానికి ఐదున్నర గంటలు ముందు, ఆ సెట్టింగు వదిలేస్తే రాత్రి 2 గంటల దొంగతనం వీడియోలో ముందురోజు రాత్రి 8:30 అని ఉంటుంది, కోర్టులో మొదటి ప్రశ్న అదే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద వీడియో సాక్ష్యంగా ఇవ్వాలంటే రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి, ఒకటి బండి యజమానో సిస్టమ్ బాధ్యుడో ఇచ్చేది, ఒకటి నిపుణుడు ఇచ్చేది, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. కాబట్టి ఘటన జరిగిన రాత్రే అసలు వీడియోలు కాపీ చేసి, వెంటనే హ్యాష్ తీసి, ఎవరు తీశారు, ఎన్ని గంటలకి తీశారు అన్నది రిజిస్టరులో రాసి సంతకం పెట్టించండి. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోయి హ్యాష్ మారుతుంది, స్టేషన్‌కి పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఎస్ఎస్‌డీ నిండగానే పాత రికార్డు మీద కొత్తది ఎక్కుతుంది కాబట్టి ఆ రోజు ఫైళ్లకి లాక్ పెట్టడం డ్రైవరుకీ, గార్డుకీ ఇద్దరికీ నేర్పాలి, ఒక్కరికే నేర్పితే ఆయన సెలవు పెట్టిన రాత్రే అవసరం వస్తుంది.